అడ్డుగోడా, మడ అడవా?

తీరానికి కాంక్రీటు గోడ కడితే పని పూర్తయిన రోజు నుంచే రక్షణ మొదలవుతుంది. కానీ వెనక్కి మళ్లే అలలు గోడ పాదం దగ్గరి ఇసుకను కోసుకుపోతాయి, మరమ్మతులు తప్పవు.

మడ అడవి ఎదగడానికి ఏళ్లు పడుతుంది. పెను ఉప్పెనను ఒంటరిగా ఆపలేదు కూడా. అయితే దాని వేళ్లు అలల జోరు తగ్గిస్తాయి, ఒండ్రును పట్టి నిలుపుతాయి, చేపపిల్లలకు చోటిస్తాయి.

స్థలం ఉన్నచోట ముందు మడ, వెనుక తక్కువ ఎత్తు కట్ట: నా ఓటు ఈ జోడీకే. చిక్కంతా విధానాల్లోనే. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభ 2022లోనే మడ అడవుల్లాంటి ప్రకృతి ఆధారిత పరిష్కారాలకు నిర్వచనం ఆమోదించింది. టెండర్లు మాత్రం చాలాచోట్ల ఇంకా గోడ పొడవునే కొలుస్తున్నాయి. మొక్కలు నాటడానికి నిధులు దొరికినా, తర్వాత వాటిని సాకడానికి బడ్జెట్లో పద్దు ఉండదు.