బస్సు టికెట్టుతో శేషాచలం అడవి

సొంత బండి లేకుండా అడవిలో నడవాలనుకునేవాళ్లకి తిరుపతిని మించిన ఊరు మన రాష్ట్రంలో నాకైతే కనిపించలేదు. బస్టాండులో దిగిన గంటలోపే శేషాచలం కొండల మొదట్లో నిలబడొచ్చు. 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించిన కొండలివి. శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానం ఒక్కటే 350 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. రోజూ వేలమంది ఈ అడవి మధ్యలోంచే కొండెక్కుతారు, కానీ అందరి ధ్యాసా దర్శనం మీదే. అందులో తప్పేమీ లేదు. దర్శనం సంగతులు చెప్పేవాళ్లు ఎలాగూ చాలామంది ఉన్నారు కాబట్టి, నేను అడవి కోసం నడిచిన దారుల గురించి రాస్తున్నాను.

కొత్తగా వచ్చినవాళ్లకి నేను ముందు చెప్పేది శ్రీవారి మెట్టు. శ్రీనివాసమంగాపురం దాటి కొండ పాదం వరకూ బస్సు వెళ్తుంది. మెట్లు 2,388, దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకు. మామూలుగా నడిచేవాళ్లు గంటన్నరలో పైకి చేరతారు. దూరం తక్కువ కాబట్టి ఎక్కుడు నిటారుగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లకి ఇది వద్దు. 2021 నవంబరు వానలకి ఈ దారి కొట్టుకుపోయి, బాగుచేశాక మళ్లీ 2022 మే నెలలో తెరిచారు. అలిపిరి కంటే జనం తక్కువ, అంగళ్లు తక్కువ. అందుకే పక్షుల అరుపులు వినిపిస్తాయి.

ఇక్కడ ఎర్రచందనం చెట్టును గుర్తుపట్టడం నేర్చుకోండి. పేపర్లో దుంగలు పట్టుబడిన ఫొటోలు చూడటమే తప్ప, బతికున్న చెట్టు చూసినవాళ్లు తక్కువ. బెరడు నల్లగా, చిన్న చిన్న పలకలుగా పగిలి మొసలి వీపులా ఉంటుంది. ఒక్కో రెమ్మకి మామూలుగా మూడు ఆకులు, ఆకు కొస సూదిగా ఉండకుండా కొంచెం లోపలికి నొక్కినట్టుంటుంది. కాయ గుండ్రంగా, చుట్టూ పల్చటి రెక్కతో బిళ్లలాగా ఎండి కింద రాలుతుంది. చూసి, ఫొటో తీసుకుని అక్కడే వదిలేయండి. ప్రపంచంలో ఈ చెట్టు సహజంగా పెరిగేది ప్రధానంగా ఈ తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. అలాంటి చెట్టు పక్కనుంచి నడుస్తున్నామన్న సంగతి తెలిస్తే ఆ ఎక్కుడు వేరేలా ఉంటుంది.

అలిపిరి దారి గురించి ఎక్కువ చెప్పను. 3,550 మెట్లు, మూడు నాలుగు గంటలు. పైన కప్పు, తాగునీళ్లు, మరుగుదొడ్లు, కింద సామాను ఇచ్చేస్తే ఉచితంగా కొండమీదికి చేర్చే ఏర్పాటు, అన్నీ ఉన్నాయి. పెద్దవాళ్లతో వెళ్తే సౌకర్యాల పరంగా దీనికి సాటి లేదు. అడవి అనిపించేది మాత్రం గాలిగోపురం దాటాకే. అవ్వాచారి కోన దగ్గర లోయ ఒక్కసారిగా తెరుచుకుంటుంది, అక్కడ కాసేపు కూర్చోండి. 2023 ఆగస్టులో ఇదే దారిలో చిరుత దాడిలో ఒక చిన్నారి ప్రాణం పోయింది. ఆ తర్వాత పిల్లలతో వెళ్లేవాళ్లకి మధ్యాహ్నం దాటాక అనుమతి ఆపారు, గుంపులుగా నడవమన్నారు, చేతికర్రలు కూడా ఇచ్చారు. నియమాలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందే కనుక్కోండి. పిల్లల్ని మాత్రం చెయ్యి వదిలి ముందుకి పరుగెత్తనివ్వొద్దు, ఏ వేళైనా సరే.

నడవలేనివాళ్లు ఘాట్ రోడ్డు బస్సెక్కినా ఏమీ కోల్పోరు. కిటికీ పక్క సీటు దొరికితే రోడ్డు కోసిన కొండని జాగ్రత్తగా చూడండి. కింద గ్రానైటు, దానిమీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి. ఈ రెండింటి మధ్య ఉండాల్సిన కోట్ల ఏళ్ల నాటి రాతి పొరలు లేకుండా పోయాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు దీన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు, జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. కొండమీద సహజంగా ఏర్పడిన రాతి తోరణం, శిలాతోరణానికి కూడా అదే గుర్తింపు ఉంది.

కొండమీద చాలామంది వదిలేసేది జాపాలి. తిరుమలలో పాపవినాశనం వైపు వెళ్లే బస్సెక్కి, జాపాలి దగ్గర దింపమని కండక్టరుతో ముందే చెప్పాలి. అక్కడ్నుంచి చెట్ల మధ్యలో మెట్లదారి. చివర హనుమంతుడి గుడి, పక్కన కోనేరు. ఎండాకాలం మధ్యాహ్నం కూడా అక్కడ చల్లగా ఉంటుంది. ఆకాశగంగ, పాపవినాశనం దగ్గర జనం, దుకాణాలు ఎక్కువ. నాకు ఈ మూడింటిలో ఒక్కటే ఎంచుకోమంటే జాపాలే.

ఇక తలకోన. నడకల్లో అన్నిటికంటే మంచిది ఇదే, బస్సుతో అన్నిటికంటే కష్టమైనదీ ఇదే. తిరుపతి నుంచి 50 కిలోమీటర్ల పైచిలుకు. నేరుగా వెళ్లే బస్సులు కొద్దిగా ఉంటాయి, వాటి వేళలు బస్టాండు ఎంక్వయిరీలో ముందురోజే అడగాలి. అది దొరక్కపోతే పీలేరు, మదనపల్లె వైపు బస్సెక్కి భాకరాపేటలో దిగి, నెరబైలు మీదుగా వెళ్లాలి. ఆఖరి ముక్కకి ఆటోనే దిక్కు. ఒక ఆటోవాలా నాకు మామూలు రేటుకి రెట్టింపు చెప్పాడు, పక్కన ఊరివాళ్లు ఉండబట్టి తగ్గింది. రాను పోను కలిపి మాట్లాడుకుని, డబ్బులు సగం తిరిగొచ్చాకే ఇవ్వండి. తిరుగు బస్సు ఎన్నింటికో తెలీకుండా లోపలికి వెళ్తే నడుస్తున్నంతసేపూ టెన్షనే.

గేటు దగ్గర టికెట్టు తీసుకుని సిద్ధేశ్వరస్వామి గుడి వరకూ రోడ్డుమీద నడవొచ్చు. గుడి వెనకనుంచి జలపాతం దారి మొదలవుతుంది. 270 అడుగుల ఎత్తునుంచి నీళ్లు పడతాయి, రాష్ట్రంలో ఇదే ఎత్తైన జలపాతం అంటారు. కానీ నన్ను ఎక్కువ కట్టిపడేసింది దారిలోని గిల్లతీగ. దాన్ని తీగ అనడానికి నోరు రాదు. కొన్నిచోట్ల మనిషి నడుమంత లావుగా మెలికలు తిరిగి, ఒక చెట్టు ఎక్కి దిగి ఇంకో చెట్టు పట్టుకుని అలా అడవి లోపలికి వెళ్లిపోతుంది. దాని మొదలు ఎక్కడో వెతుకుతూ చాలాసేపు తిరిగాను. కొమ్మల మధ్య వేలాడే తాళ్ల వంతెన 240 మీటర్ల పొడవు, పిల్లలకి బాగా నచ్చుతుంది. దేవాంగపిల్లి, మూషిక జింక, బంగారు బల్లి ఉండే అడవి ఇది. అవి రాత్రివేళ తిరిగేవి కాబట్టి పగలు వెళ్లేవాళ్లకి కనిపించవు, కోతులు మాత్రం తప్పకుండా కనిపిస్తాయి. తినే వస్తువులు సంచి లోపల పెట్టండి.

అక్టోబరు, డిసెంబరు మధ్య వానలు పడ్డాక నీళ్లు బాగుంటాయి. అప్పుడే బండలు బాగా జారతాయి కూడా. చెప్పులు కాదు, పట్టున్న బూట్లు కావాలి. జలపాతం కింద మడుగుల్లోకి దిగొద్దన్న చోట దిగకండి.

బసకి తిరుపతే నయం. బస్టాండు ఎదురుగా టీటీడీ శ్రీనివాసం, రైల్వేస్టేషను ఎదురుగా విష్ణునివాసం. గది దొరక్కపోయినా లాకరు, స్నానం సంగతి గడిచిపోతుంది. ఆ చుట్టుపక్కల ఒక ప్రైవేటు లాడ్జిలో నేను దిగినప్పుడు, ఇరవై నాలుగు గంటలని చెప్పి పొద్దున ఎనిమిదికే ఖాళీ చేయమన్నారు. చెక్అవుట్ టైము రసీదుమీద రాయించుకోండి. తలకోనలో టూరిజం, అటవీశాఖ గదులు ఉన్నాయి. ముందుగా బుక్ చేసుకోగలిగితే అక్కడే ఒక రాత్రి ఉండటం మేలు, ఎందుకంటే పొద్దున్నే బస్సుల జనం రాకముందు ఆ దారిలో నడవొచ్చు. భోజనానికి కొండమీద వెంగమాంబ అన్నప్రసాద కేంద్రం ఉంది, తలకోనకి మాత్రం కట్టుకెళ్లండి. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధం, స్టీలు సీసా వెంట ఉంటే రెండుచోట్లా పనికొస్తుంది.

తలకోన గేటు వరకూ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, వేళ తప్పని బస్సులు ఉంటే చాలు, కాలేజీ పిల్లలు, రిటైరైనవాళ్లు ఎంతమందో ఈ అడవి చూస్తారు. దాంతోపాటు శ్రీవారి మెట్టు పక్కన చెట్లకి పేర్లు రాసిన పలకలు పెట్టాలని నా కోరిక. అక్కడ ఆగి ఊపిరి తీసుకునే జనానికి చదువుకోవడానికి తీరిక ఎలాగూ ఉంటుంది.