నడుం నొప్పని వెళ్తే నిద్ర గురించి అడిగారు

అమీర్‌పేట మెట్రో దగ్గర ఒక పెయిన్ క్లినిక్‌కి నాలుగు నెలలుగా వెళ్తున్నాను, పేరు ఎందుకు రాయట్లేదో చివర్లో తెలుస్తుంది. రెండేళ్ల నడుం నొప్పి నాది. ఎమ్మారై చూసి "పెద్దగా ఏం లేదు" అన్నవాళ్లే అందరూ, ఇంట్లో అమ్మేమో "ఊరికే ఆలోచించకు" అంటుంది, ఉప్పల్‌లో మెట్రో ఎక్కాక సీటు దొరక్కపోతే ఏడుపొచ్చేది.

ఇక్కడ నడుం ముట్టుకోకముందే పీహెచ్‌క్యూ-9 అని, డిప్రెషన్ ఉందేమో చూసే ఒక కాగితం ఇచ్చారు. తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఇలాంటివి. ఒళ్లు మండింది, నా నొప్పి అబద్ధమంటున్నారా అని. డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు, నొప్పి నిజమేనమ్మా, కానీ మూడు నెలలు దాటిన నొప్పీ దిగులూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి, రెండింట్లోనూ సెరటోనిన్, నారెపినెఫ్రిన్ అనే మెదడు రసాయనాల పాత్ర ఉంది, అందుకే డులాక్సెటిన్ లాంటి మందు డిప్రెషన్‌కీ, కొన్ని రకాల దీర్ఘకాలిక నొప్పులకీ కూడా రాస్తారని. నాకూ అదే రాశారు. మొదటి వారం కడుపులో వికారం, తర్వాత సర్దుకుంది. సొంతంగా ఒక్కసారిగా ఆపొద్దని మరీ మరీ చెప్పారు.

ఫిజియో అమ్మాయి బంగారం. కౌన్సెలింగ్ ఫర్వాలేదు.

రిసెప్షన్ మాత్రం ఘోరం. నిండు హాల్లో "ఆ డిప్రెషన్ పేషెంట్ ఎవరండీ?" అని కేకేశాడు, నేను ఫోన్ చూసుకుంటున్నట్టు కూర్చుండిపోయాను, నా నంబరు పోయింది, ఇంకో గంట ఆ ప్లాస్టిక్ కుర్చీలోనే. నడుం నొప్పివాళ్లకి ప్లాస్టిక్ కుర్చీలేంటండీ అసలు!

క్లినిక్‌కి నా మార్కులు అయిదుకి మూడున్నర.