ఆపరేషన్‌కి 5కి 4, ఆ తర్వాత చూసుకున్నదానికి 5కి 1

మాది విజయనగరం. 2022 ఫిబ్రవరిలో విశాఖలో ఒక ప్రైవేటు హాస్పిటల్‌లో గ్యాస్ట్రిక్ బైపాస్, అంటే బరువు తగ్గడానికి కడుపుని చిన్నది చేసి పేగుని మార్చి కలిపే ఆపరేషన్, చేయించుకున్నాను. హాస్పిటల్ పేరు రాయను. అప్పటికి నా బరువు 118 కిలోలు, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, షుగరుంది, మెట్లెక్కాలంటే మోకాళ్ళు పట్టుకుని ఏడ్చేదాన్ని. ఆపరేషన్ బాగా చేశారు, అందులో వంక పెట్టను. నాలుగో రోజు ఇంటికొచ్చాను, ఏడాదిన్నరలో 71కి దిగాను, షుగర్ మాత్రలు మానిపించారు. మొదటి నెలంతా 30 మిల్లీలీటర్ల గ్లాసుతో కొలుచుకుని తాగడం, రోజుకి 60 గ్రాముల ప్రొటీన్ చూసుకోవడం, బి12, ఐరన్, కాల్షియం సిట్రేట్, ఇవన్నీ వాళ్ళ డైటీషియన్ ఓపిగ్గా నేర్పింది. ఆ అమ్మాయికి ఇప్పటికీ దణ్ణం పెడతాను.

అసలు కథ 2023 అక్టోబరులో మొదలైంది. తిన్న అరగంటకి ఎడమ డొక్కలో మెలిపెట్టినట్టు నొప్పి, అది వీపులోకి పాకేది, గంటకి దానంతటదే పోయేది. వారంలో రెండు మూడు సార్లు. ఫోన్ చేస్తే కోఆర్డినేటర్ "గ్యాస్ అయి ఉంటుంది మేడం, తిన్నాక కాసేపు నడవండి" అంది. రెండోసారీ అదే మాట. ఇక్కడే కడుపు స్కానింగ్ తీయించాను, నార్మల్. వాళ్ళ దగ్గరికి వెళ్తే ఎండోస్కోపీ చేశారు, అదీ నార్మల్, సర్జన్ గారు మాత్రం కనపడలేదు. రిపోర్టులన్నీ బాగున్నాయి కదా అని ఇంట్లో వాళ్ళు, చివరికి నేను కూడా, నాదే ఏదో అనుమానం అనుకున్నాం.

నవంబరులో ఒక రాత్రి అత్తగారు చేసిన చోడి అంబలి అర గ్లాసు తాగాను. ఈసారి వచ్చిన నొప్పి పోలేదు. వాంతికి వస్తుంది కానీ ఏమీ పడదు, పొట్ట ఉబ్బలేదు, జ్వరం లేదు. పదకొండున్నరకి హాస్పిటల్ ఎమర్జెన్సీ నంబరుకి చేస్తే నాలుగోసారికి ఎత్తి "రేపు పొద్దున్న తొమ్మిదిన్నరకి ఓపీకి రండి" అన్నారు. ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది.

ఇక్కడ ఊళ్ళోనే ఒక నర్సింగ్ హోమ్‌కి పరిగెత్తాం. డ్యూటీ డాక్టరు కుర్రాడే, కానీ మొదటి ప్రశ్నే "పొట్టకి ఎప్పుడైనా ఆపరేషన్ అయిందా అమ్మా" అని. బైపాస్ అనగానే నర్సు తెచ్చిన ఇంజెక్షన్ ఆపించాడు. బైపాస్ వాళ్ళకి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు వాడితే పేగు అతుకు దగ్గర అల్సర్ వస్తుందట. "ఇక్కడ ఉండకండి, కాంట్రాస్ట్ సీటీ, అంటే నరంలోకి మందు ఎక్కించి తీసే స్కాన్, తీసి, బైపాస్ తెలిసిన సర్జన్ ఉన్న చోటికి వెంటనే వెళ్ళండి" అన్నాడు. మరిది కారు తీశాడు. పడుకుంటే భరించలేకపోయాను, వెనక సీటు ముందు మోకాళ్ళ మీద కూర్చుని తల ముందు సీటుకి ఆన్చుకుని వెళ్ళాను. ఆనందపురం జంక్షన్ దాటడం గుర్తుంది, ఆ తర్వాత లైట్లే తప్ప ఏమీ గుర్తులేదు.

విశాఖలోనే వేరే హాస్పిటల్. సీటీలో పేగుల రక్తనాళాలు సుడి తిరిగినట్టు కనిపించాయి. తెల్లవారకుండానే లాప్రోస్కోపీ, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి చేసే ఆపరేషన్, చేశారు. ఇంటర్నల్ హెర్నియా. బైపాస్‌లో పేగుని మార్చి కలిపినప్పుడు లోపల సందులు ఏర్పడతాయట, పీటర్సన్ స్పేస్ అని ఒకదాని పేరు. బరువు తగ్గేకొద్దీ పేగుని పట్టి ఉంచే పొరలో కొవ్వు కరిగి ఆ సందు పెద్దదవుతుంది, అందులోకి పేగు దూరి మెలిపడుతుంది, మెలి వదిలితే నొప్పి పోతుంది. అందుకే నాకు వచ్చి పోయేది, అందుకే ఎండోస్కోపీలో ఏమీ దొరకలేదు! నల్లబడ్డ పేగుని విప్పి, వేడి గుడ్డలు పెట్టి చూస్తే రంగు తిరిగిందట. కోయకుండా సందు కుట్టేశారు. ఇంకొన్ని గంటలు ఆగి ఉంటే పేగు చచ్చిపోయేదని ఆ సర్జన్ గారు మా ఆయనతో అన్నారు. అంటే తొమ్మిదిన్నర ఓపీకి నేను ఏ పరిస్థితిలో వెళ్ళేదాన్నో చెప్పక్కర్లేదు.

మొదటి ఆపరేషన్‌లో ఆ సందులు కుట్టారా లేదా? డిస్చార్జి సమ్మరీలో ఒక్క ముక్క లేదు. ఆపరేషన్ నోట్స్ అడిగితే మూడు వారాలు తిప్పారు. పేషెంట్ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉందని రాసి పంపాక ఇచ్చారు. 1 మార్కు వేసింది ఆ డైటీషియన్ కోసమే.

మన జిల్లాల నుంచి ఈ ఆపరేషన్‌కి వెళ్ళేవాళ్ళు ప్యాకేజీ ఎంత అని అడిగేముందు, రాత్రి పన్నెండుకి నొప్పి వస్తే ఎవరు ఎత్తుతారు, సందులు కుడతారా, ఆపరేషన్ నోట్స్ చేతికిస్తారా, ఇవి అడగండి. చేయించుకున్నవాళ్ళు తిన్నాక వచ్చి పోయే నొప్పిని గ్యాస్ అంటే ఒప్పుకోకండి, సీటీ అడగండి, అది బాగున్నా నొప్పి ఆగకపోతే లాప్రోస్కోపీతో లోపల చూడాల్సి రావచ్చు. ఇంకోటి, మన దగ్గర వాంతులంటే చాలు ముందు సెలైన్ ఎక్కించేస్తారు. బైపాస్ అయి రోజుల తరబడి వాంతులవుతున్న మనిషికి గ్లూకోజ్ ఎక్కించేముందు బి1, అంటే థయమిన్, ఇవ్వాలి, లేకపోతే నరాలకీ మెదడుకీ దెబ్బ. ఇవన్నీ ఒక అట్ట మీద తెలుగులో రాయించి లామినేషన్ చేయించి పర్సులో పెట్టుకున్నాను. ఇంకో కాపీ ఆ నర్సింగ్ హోమ్ కుర్ర డాక్టరుకి ఇచ్చాను, తన టేబుల్ అద్దం కింద పెట్టుకున్నాడు.