స్పీకర్లలో గుయ్‌మనే మోత: ఎర్తింగ్ మేలా, ఐసోలేటర్ మేలా?

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ మిత్రులు తరచూ అడిగే ప్రశ్న ఇది: పాట ఆపినా స్పీకర్లలో గుయ్‌మని మోత పోవడం లేదు, కొత్తగా ఎర్తింగ్ చేయించాలా, గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ (వైరు మధ్యలో పెట్టి రెండు వైపుల ఎర్త్‌ల లంకె తెంచే చిన్న పరికరం) కొనాలా?

నా దృష్టిలో జవాబు మోత ఎటునుంచి వస్తోందన్న దాని మీదే ఉంది. ఆంప్లిఫయర్ సౌండు పూర్తిగా తగ్గించి సిగ్నల్ కేబుల్ ఒకటి తీయండి, మళ్లీ పెంచి వినండి. ఇలా ఒక్కొక్కటే చూడాలి. అన్నీ తీసినా మోత ఉంటే లోపం ఆంప్లిఫయర్‌లోనే; పాత సెట్టయితే ఫిల్టర్ కెపాసిటర్లు చూపించండి. సెట్‌టాప్ బాక్సుకు వచ్చే కేబుల్ టీవీ వైరు తీయగానే ఆగిందా, అది గ్రౌండ్ లూప్, అంటే రెండు ఎర్త్‌లు వైర్ల ద్వారా కలిసి ఏర్పడే చుట్టు. ఆ వైరు పైనున్న లోహపు అల్లిక వీధిలోని ఎర్త్‌ను ఇంట్లోకి తెస్తుంది. ఆంప్లిఫయర్ త్రీపిన్ ఇంటి ఎర్త్‌ను తెస్తుంది. రెండింటి మధ్య కొద్దిపాటి వోల్టేజి తేడా ఉన్నా చాలు, ఆడియో కేబుల్ తొడుగులో 50 హెర్ట్జ్ కరెంటు పారుతుంది. దీనికి కొత్త ఎర్త్ గుంత మందు కాదు. పాతదానితో కలపకుండా రెండో గుంత తవ్విస్తే మోత పెరగనూ వచ్చు.

ఇక్కడ ఐసోలేటర్ పనిచేస్తుంది. అయితే ఆడియో కేబుల్ మధ్యలో పెట్టే చవక రకాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు మరీ చిన్నవి. డప్పు దెబ్బలోని బరువు పలచబడటం చెవికి తెలిసిపోతుంది. కేబుల్ టీవీ వైరుకే పెట్టే రకం నయం, పాటను ముట్టుకోదు. డిష్ వైరుకు మాత్రం అది పనికిరాదు. గొడుగు మీద సిగ్నల్ పట్టే ఎల్‌ఎన్‌బీ అనే పరికరానికి కరెంటు ఆ వైరులోనే వెళ్లాలి.

అయినా నా మొగ్గు ఎర్తింగ్ వైపే. ఆంప్లిఫయర్ డబ్బాకు చేయి తగిలితే చిమచిమలాడుతోందా? తగిలినప్పుడు మోత తగ్గుతోందా? అలాగైతే ఎర్త్ అందడం లేదనే అనుమానించాలి. పాత ఇళ్లలో సాకెట్టుకు మూడు రంధ్రాలుంటాయి, పై రంధ్రం వెనక తీగే ఉండదు. తీగ ఉన్నా మన నేల ఎర్ర చెలక, కొద్ది అడుగుల కిందే రాయి. బొగ్గు, ఉప్పు వేసిన గుంత కూడా ఎండాకాలంలో పొడిబారితే ఎర్త్ బలహీనపడుతుంది. అప్పుడప్పుడు నీళ్లు పోయాల్సిందే. ఐసోలేటర్ మోతనే ఆపుతుంది, ఎర్త్ ప్రాణం కాపాడుతుంది.

టీవీ, బాక్సు, ఆంప్లిఫయర్ మూడింటినీ ఒకే బోర్డుకు పెట్టి చూడటానికి ఖర్చేమీ లేదు, ముందు అదే చేయండి. రెండు వైపులా ఆప్టికల్ (వెలుతురుతో ధ్వనిని పంపే) సాకెట్టు ఉంటే ఆ కేబుల్ వాడుకోండి, అందులో లోహమే ఉండదు. కేబుల్‌కు తొడిగే ఫెరైట్ పూసలు ఈ మోతకు పనికిరావు. ఎర్త్ పిన్ను విరగ్గొట్టమని ఎవరు చెప్పినా వినకండి.

కొత్త గుంత తవ్విస్తే దాన్ని పాత ఎర్త్‌తో మెయిన్ బోర్డు దగ్గర కలిపారో లేదో ఎలక్ట్రీషియన్ ఉండగానే చూసుకోండి.