చిన్న తూటానా, పెద్ద తూటానా, గ్రనేడా: ఏది మేలు?

మా బావ హవల్దారుగా రిటైరై పన్నెండేళ్లయింది. వాళ్లబ్బాయి, అంటే నా మేనల్లుడు, సంక్రాంతికి సెలవు మీద వచ్చాడు. ఆమదాలవలసలో నా కిరాణా కొట్టు ముందున్న బెంచీ మీద తండ్రీకొడుకులు కూర్చున్నారంటే మాట ఎక్కడ మొదలైనా తుపాకీ దగ్గరికే చేరుతుంది. శ్రీకాకుళం జిల్లాలో ఇదేం వింత కాదు. వీధికొక ఫౌజీ ఉన్న ఊళ్లు మావి.

బావ చేరినప్పుడు చేతికిచ్చిన రైఫిల్ ఎస్సెల్లార్, దిగిపోయేనాటికి ఇన్సాస్. కుర్రాడు ఇన్సాస్‌తో ట్రైనింగ్ అయ్యాడు, ఇప్పుడు ఏకే-203 మోస్తున్నాడు. అంటే ఆ ఇంట్లో మూడు రకాల తూటాల అనుభవం ఉంది. ఎస్సెల్లార్‌ది 7.62×51, ఇన్సాస్‌ది 5.56×45, ఏకే-203ది 7.62×39. మొదటి అంకె గుండు లావు, రెండోది ఖోకా పొడవు, రెండూ మిల్లీమీటర్లలోనే. (ఖోకా అంటే పేల్చాక మిగిలే ఇత్తడి గొట్టం. ఫైరింగ్ రేంజిలో వాటిని ఏరి, లెక్కపెట్టి అప్పజెప్పాలి. ఒక్కటి తగ్గినా ఆ పూట అన్నం ఉండదని బావ ఇప్పటికీ చెబుతాడు.)

"ఏటి బావా, ఆ ఐదు యాభైయారు తూటా! పిట్టల్ని కొట్టుకోడానికా?" అని బావ మొదలెట్టాడు. "నాన్నా, నీ పెద్ద రౌండ్లు వంద మోసుకుని కొండెక్కు, అప్పుడు మాట్లాడుకుందాం" అన్నాడు వాడు.

కాటా నా చేతిలో ఉంది కదా అని తగువు తీర్చబోయాను. 5.56 రౌండు (గుండు, మందు, ఖోకా అన్నీ కలిసిన పూర్తి తూటా) ఒక్కటి సుమారు 12 గ్రాములు. 7.62×39 అయితే 16, 17 మధ్య. ఎస్సెల్లార్ రౌండు 24 గ్రాములు. వంద రౌండ్ల లెక్కన కందిపప్పు మూడు పొట్లాలు కట్టాను: కిలో రెండొందలు, కిలో ఆరొందల యాభై, రెండు కిలోల నాలుగొందలు. బావ చిన్నదీ పెద్దదీ చెరో చేత్తో ఎత్తి "ఓస్, ఇంతేనా" అన్నాడు. బెంచీ మీద కూర్చుని ఎత్తితే ఇంతే. కానీ జవాను వీపు మీద అప్పటికే తుపాకీ, జాకెట్టు, నీళ్లు, రేషన్ అన్నీ ఉంటాయి. ఇంకెంత బరువు మొయ్యగలడన్నది ముందే తేలిపోయి ఉంటుంది. ఆ మిగిలిన బరువులో పెద్దవి వంద పడితే చిన్నవి రెండొందలు పడతాయి.

ఆ బరువు ఊరికే పోదన్నదీ నిజమే. 5.56 గుండు 4 గ్రాములు, సెకనుకి 930 మీటర్ల వేగం, దెబ్బ సుమారు 1,700 జౌల్స్ (జౌల్ అంటే శక్తికి కొలత). 7.62×39 గుండు బరువు దాదాపు రెట్టింపు, వేగం మాత్రం 715 మీటర్లే, అందుకని 2,000 జౌల్స్ దగ్గర ఆగుతుంది. ఎస్సెల్లార్ రౌండు 9.5 గ్రాముల గుండుని 840 మీటర్ల వేగంతో విసురుతుంది. 3,300 జౌల్స్. 500 మీటర్ల దూరంలోనూ దానికి చేవ ఉంటుంది, గాలికి తొందరగా పక్కకి పోదు. బావ గర్వానికి కారణం లేకపోలేదు.

అయితే అంత దెబ్బ అవతలివాడికి తగిలేముందు ఇవతల భుజానికీ తగులుతుంది. 1954లో నాటో దేశాలు 7.62×51ని ఖాయం చేశాయి. దాన్ని ఆటోమేటిక్‌లో (ట్రిగ్గర్ వదలకుండా వరసగా) పేలిస్తే రెండో గుండుకే బ్యారెల్ ఆకాశం చూస్తుందని వాడినవాళ్లందరికీ త్వరలోనే తెలిసింది. మన ఎస్సెల్లార్‌ని ఒక్కొక్క గుండే పేలేలా చేసింది అందుకే. పైగా రైఫిల్‌తో జరిగే పోరు చాలావరకు 300 మీటర్లలోపే ముగుస్తుంది. 600 మీటర్ల తూటాని 200 మీటర్ల పనికి మోయడం ఎందుకన్న ఆలోచనలోంచే చిన్న తూటాలు వచ్చాయి. 1980లో నాటో 5.56ని కూడా ప్రామాణికం చేసుకుంది.

ఇక్కడొక మాట చెప్పాలి. "5.56 చంపదు, గాయపరుస్తుంది, గాయపడ్డవాణ్ణి మొయ్యడానికి ఇంకో ఇద్దరు పోతారు, అదే దాని కిటుకు" అని మా వైపు ప్రతి రిటైర్డ్ ఫౌజీ చెబుతాడు. బావా చెప్పాడు. వినడానికి తెలివిగా ఉంటుంది గానీ దాని తయారీ వెనక ఆ ఆలోచన లేదు. బరువు తగ్గాలి, అదుపులో ఉండాలి, అంతే. ఇన్సాస్‌కి వచ్చిన చెడ్డపేరూ తూటా నెత్తినే పడింది. కార్గిల్ చలిలో పగిలింది ప్లాస్టిక్ మ్యాగజైను (తూటాలు పేర్చే డబ్బా), తూటా కాదు.

ఏకే మ్యాగజైను అరటికాయలా ఎందుకు వంగి ఉంటుందని నేను అడిగితే మేనల్లుడు కొట్టులోంచి పేపర్ టీ కప్పుల కట్ట తీశాడు. ఎనిమిది కప్పుల్ని పక్కకి పడుకోబెట్టి, మూతులన్నీ ఒకవైపు, అడుగులన్నీ ఒకవైపు వచ్చేలా ఒకదానికొకటి ఆనించి పేర్చాడు. వరస తిన్నగా రాలేదు, విల్లులా వంగింది. 7.62×39 ఖోకా కూడా అలాగే అడుగున లావుగా ఉండి పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. ముప్ఫై రౌండ్లు పేరిస్తే వంపు తప్పదు. ఆ ఏటవాలు వల్ల లాభమేమిటంటే, పేలాక ఖోకా చాంబర్ (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు) గోడల్ని వదిలి సులువుగా బయటికొస్తుంది. బురదలోనూ దుమ్ములోనూ ఏకే ఆగదన్న పేరులో ఈ తూటా ఆకారానికీ వాటా ఉంది. 5.56 ఖోకాకి ఆ వాలు తక్కువ, దాని మ్యాగజైను వంపూ తక్కువ.

ఇక గ్రనేడ్. నా ఉద్దేశంలో అసలు పోలిక ఇక్కడే ఉంది. తూటా తిన్నగా పోతుంది. గోడ వెనక, గట్టు వెనక, గోతిలో కూర్చున్నవాణ్ణి 3,300 జౌల్స్ కూడా ఏమీ చెయ్యలేవు. పక్కింటి గోడ అవతలున్న మామిడిచెట్టు కాయలు రాలగొట్టాలంటే చిన్నప్పుడు మనమేం చేశాం? రాయిని పైకి విసిరాం. గ్రనేడ్ లాంచర్ పనీ అదే. రైఫిల్ కింద తగిలించే లాంచర్లోంచి పోయే 40 మి.మీ. గ్రనేడ్ వేగం సెకనుకి 76 మీటర్లే. పోతుంటే కంటికి కనిపిస్తుంది. గట్టిగా 400 మీటర్లు వెళుతుంది. దాని బలం వేగంలో లేదు, కడుపులో ఉన్న పేలుడు మందులో ఉంది.

దాని తయారీలో నాకు బాగా నచ్చింది దాన్ని ముందుకి తోసే మందుని కాల్చే పద్ధతి. అంత బరువైన దాన్ని తూటాలాగా ఒకే దెబ్బకి తోస్తే భుజం ఊడుతుంది. తక్కువ ఒత్తిడిలో కాలిస్తే మందు సరిగ్గా కాలదు, ఒక్కోసారి ఒక్కో దూరం పోతుంది. దీనికి రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఒక ఉపాయం కనిపెట్టారు, అమెరికావాళ్లు 1961లో సైన్యంలోకి తెచ్చిన ఎం79 లాంచర్‌కి దాన్నే వాడుకున్నారు. ఖోకా లోపల రెండు గదులు. చిన్న గదిలో మందు బాగా ఒత్తిడితో కాలుతుంది, ఆ గ్యాసు సన్నటి కంతల్లోంచి పెద్ద గదిలోకి వచ్చి చల్లగా గ్రనేడ్‌ని తోస్తుంది. మా ఆవిడ వంటింట్లో కుక్కరు అదే పని చేస్తోంది. లోపల ఆవిరి ఎంత బిగువు మీద ఉన్నా విజిల్ కంతలోంచి బయటపడ్డాక చెయ్యి కాలుతుందే తప్ప గోడ కూలదు. చిన్న గదిలో ఉన్న ఒత్తిడిలో పెద్ద గదికి చేరేది పదో వంతు కూడా ఉండదు.

బావ తన కాలం జీఎఫ్ (గ్రనేడ్ ఫైరింగ్) రైఫిల్ గుర్తుచేసుకున్నాడు. పాత .303కి మూతి దగ్గర కప్పు బిగించి, గుండులేని రౌండుతో చేతి గ్రనేడ్‌ని ఎగరేసేవాళ్లు. తుపాకీ మడమ (భుజానికి ఆనించే చివర) నేలకి ఆనించి కాల్చాలి. "భుజానికెట్టావా, ఇంక ఆసుపత్రే." ఆ కష్టం తప్పించింది ఈ రెండు గదుల ఖోకాయే.

రష్యావాళ్లు ఇంకో దారి పట్టారు. వాళ్ల వోగ్-25 గ్రనేడ్‌కి ఖోకాయే లేదు. తోసే మందు దాని అడుగునే ఉంటుంది, ఆ అడుగూ దాంతోపాటే ఎగిరిపోతుంది. బ్యారెల్ మూతిలోంచి దింపడం, పేల్చడం, మళ్లీ దింపడం. తియ్యడానికి ఖాళీ గొట్టం ఉండదు కాబట్టి వేగంగా సాగుతుంది. అమెరికా పద్ధతిలో ప్రతిసారీ బ్యారెల్ ముందుకి జరిపి ఖోకా తియ్యాలి. నన్నడిగితే ఇందులో రష్యా పద్ధతికే ఓటు. కానీ రకరకాల సరుకు, పొగ, వెలుగు, సాధన గ్రనేడ్లు, కావాలంటే ఖోకా ఉన్నదానిలోనే ఎక్కువ దొరుకుతాయి.

రెండింటికీ ఒక లోటు ఉంది. కాల్చినవాడి కాళ్ల దగ్గర పేలకుండా కొంత దూరం పోయాకే ఫ్యూజు (గ్రనేడ్‌ని పేల్చే భాగం) మేలుకుంటుంది. అమెరికా రకంలో అది 14 నుంచి 27 మీటర్లు. అంతకంటే దగ్గరగా శత్రువు ఎదురైతే గ్రనేడ్ ఒట్టి ఇనుప ముద్ద. గది తలుపు దగ్గర ఎదురుపడ్డవాడికి తూటాయే సమాధానం. బరువూ తక్కువ కాదు, ఒక్కోటి 230 గ్రాములు. నా కాటా లెక్కలో అది 5.56 రౌండ్లు పంతొమ్మిది.

ముక్కాలిపీట మీద పెట్టి కాల్చే ఆటోమేటిక్ లాంచర్ల సంగతి వేరు. ఏజీఎస్-17 30 మి.మీ. గ్రనేడ్‌ని 1,700 మీటర్లు విసురుతుంది, కానీ మోయడానికి మనుషుల జట్టు కావాలి. రైఫిల్ తూటాతో దానికి పోటీ లేదు.

అమెరికా 2022లో మళ్లీ పెద్ద తూటా వైపు తిరిగింది. 6.8×51, అడుగు ఉక్కు, ఒళ్లు ఇత్తడి, ఎందుకంటే 80,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడికి ఒట్టి ఇత్తడి ఆగదు. శత్రువు ఒంటి మీద కవచం ఉంటుందన్నది వాళ్ల భయం. మ్యాగజైనులో మళ్లీ ఇరవయ్యే రౌండ్లు. ఈ మాట విని బావ మీసం తిప్పాడు.

మన సైన్యం ఒక్కదానికే కట్టుబడలేదు. ఎదురెదురు కొండల మీద కాపలా ఉండేవాళ్లకి 7.62×51 సిగ్-716 రైఫిళ్లు తెప్పించింది, 2019లో మూడు సేనలకీ కలిపి 72,400కి ఒప్పందం కుదిరింది. ఎక్కువమందికి అమేఠీ దగ్గర కోర్వాలో తయారయ్యే ఏకే-203, ఆరు లక్షలకి పైగా. 40 మి.మీ. లాంచర్లు తిరుచిరాపల్లి ఫ్యాక్టరీలో అవుతున్నాయి.

నా తీర్పు ఇది. పదిమంది సెక్షన్‌లో (సైన్యంలో చిన్న జట్టు) ఎక్కువమందికి చిన్న తూటా ఉండాలి, దూరం కొట్టే ఒకరిద్దరికి పెద్దది, ఇద్దరి రైఫిల్ కింద లాంచర్. పెద్ద తూటా కోసం అందరి వీపుల మీదా అదనంగా ఎక్కించే బరువుని గ్రనేడ్ల కింద మార్చుకోవడం లాభం. ఒక్కో మనిషికి వంద రౌండ్ల మీద కిలో రెండొందలు మిగిలితే అది అయిదు గ్రనేడ్లు. దాక్కున్నవాణ్ణి బయటికి లాగేది అవే. 5.56కీ ఏకే రౌండుకీ మధ్య అయితే నేను 5.56 వైపే. 300 మీటర్లు దాటాక ఏకే గుండు బాగా కిందికి దిగిపోతుంది. మేనల్లుడు ఒప్పుకోలేదు, చెట్లూ ఆకులూ ఉన్నచోట బరువైన గుండే నయమన్నాడు.

బావ అసలే ఒప్పుకోలేదు. "మరా గ్రనేడ్లు ఎవడు మోస్తాడు?" అన్నాడు. మేనల్లుడు చెయ్యెత్తాడు. వాళ్ల సెక్షన్‌లో లాంచర్ వాడిదేనట. బావ పెద్ద పొట్లం తీసి సంచిలో వేసుకుని, "పప్పు ఎలాగూ తూచేశావు గదా, ఖాతాలో రాసుకో" అని లేచాడు.