22 నిమిషాల వర్ణాన్ని మింగేసిన కీప్యాడ్: ఏడాదిన్నర వాడాక

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లన్నీ కుర్చీలో కూర్చునేవాళ్ల కోసమే. నేను చాప మీద కూర్చుంటాను. వయొలిన్ ఒక కొస ఛాతీకి ఆని ఉంటుంది, రెండో కొస కుడి చీలమండ మీద ఉంటుంది. కుడి చేతిలో కమాను. కంప్యూటరేమో ఆరడుగుల దూరంలో బల్ల మీద. లేచి రికార్డ్ నొక్కి, వచ్చి కూర్చుని, కాలు సర్దుకుని, మళ్లీ శ్రుతి చూసుకునేసరికి వాయించాలన్న ఊపు సగం పోతుంది. నా పాత ఫైళ్లు ఏది తెరిచినా మొదటి పావు నిమిషం మోకాళ్ల చప్పుడూ చాప చప్పుడే.

ఫుట్ పెడల్ కొనుక్కోమని చెప్పనివాడు లేడు. పాదం మీద వయొలిన్ తల పెట్టుకున్నవాడు పెడల్‌ని దేంతో తొక్కాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. నేను వాడే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రీపర్‌ని ఫోన్ బ్రౌజర్‌లోంచి నడిపే రిమోట్ పేజీ ఉంది. దానికి డబ్బులక్కర్లేదు, పని కూడా చేస్తుంది. కానీ గమకాలు జారడానికి ఎడమ వేళ్లకు కొబ్బరినూనె రాసుకుంటాను, కుడి చేతికి కమానుకు రాసే రోజిన్ పొడి అంటుకునే ఉంటుంది. ఆ చేతులతో ఫోన్ తెర మాట వినదు. పైగా చూడకుండా నొక్కడం కుదరదు.

తర్వాత 500 రూపాయలు పెట్టి ఒక నంబర్ ప్యాడ్ కొన్నాను. రీపర్‌లో అంకెల వరసలోని 3 వేరు, నంబర్ ప్యాడ్‌లోని 3 వేరు. కాబట్టి దాని కీలన్నిటికీ విడిగా పనులు పెట్టుకోవచ్చు. చుక్క కీకి మార్కర్ పెట్టుకున్నాను, అంటే నొక్కిన చోట రికార్డింగ్‌లో ఒక గుర్తు పడుతుంది. ఒకరోజు చుక్క నొక్కితే మార్కర్ పడలేదు సరికదా, అప్పుడే వాయించిన ముక్క తెర మీంచి మాయమైంది. లాప్‌టాప్‌లో ప్యాడ్ కీలను అంకెలుగా ఉంచే నమ్ లాక్ ఎప్పుడో ఆగిపోయింది. అక్కడ ఆగితే దీనికీ ఆగినట్టే. అప్పుడు 7 కీ హోమ్ అవుతుంది, 1 కీ ఎండ్ అవుతుంది, చుక్క డిలీట్ అవుతుంది! అన్‌డూ చేస్తే ముక్క తిరిగొచ్చింది కానీ, ఆ ప్యాడ్ మీద నమ్మకం తిరిగి రాలేదు.

అప్పుడు కొన్నదే ఈ మ్యాక్రో ప్యాడ్, అంటే షార్ట్‌కట్ల కోసమే చేసిన చిన్న కీప్యాడ్. పన్నెండు కీలు, రెండు నాబ్‌లు, దాదాపు 2,000 రూపాయలు. ఏ కీ నొక్కితే ఏ షార్ట్‌కట్ వెళ్లాలో ఒకసారి కంప్యూటర్‌లో పెట్టుకుంటే అది ప్యాడ్ లోపలే ఉండిపోతుంది. వేరే కంప్యూటర్‌కు తగిలించినా అవే కీలు. చాప మీద కుడి మోకాలి పక్కన పెట్టుకుంటే కమాను వదలక్కర్లేదు, చిటికెన వేలు చాలు.

దీంట్లో నాకు ప్రాణం లేచొచ్చింది ఒక్క కీతోనే. వాయిస్తుండగా అపస్వరం పడితే ఆపకుండా, కమాను తిరిగే సందులో ఆ కీ తడతాను. అక్కడ మార్కర్ పడుతుంది. పూర్తయ్యాక చూస్తే పొరపాట్లన్నీ జెండాలు పాతుకుని కనిపిస్తాయి. అంతకుముందు అరగంట ఫైలంతా విని తప్పులు వెతుక్కునేవాణ్ణి. కొన్న మూడు నెలలకే మా శిష్యుల వాట్సాప్ గ్రూపులో దీని ఫొటో పెట్టి, ‘కళ్లు మూసుకుని కొనండి’ అని రాశాను. ఇద్దరు కొన్నారు కూడా. ఆ మాటను ఇప్పుడు కాస్త సర్దుకోవాలి.

కిందటి వేసవిలో ఒక కూచిపూడి టీచరుగారు వాళ్ల అమ్మాయి ప్రదర్శనకు పదవర్ణం (నాట్యానికి వాడే పెద్ద రచన) ట్రాక్ అడిగారు. సాహిత్యం, మధ్యలో జతులు (అడుగులకు పలికే తాళపు మాటలు) ఎక్కడెక్కడ వస్తాయో ఆ వరస, అన్నీ ఒక పీడీఎఫ్‌లో పంపారు. మృదంగం అబ్బాయి తెనాలి నుంచి వచ్చాడు. నన్ను బాబాయ్ అంటాడు, సాయంత్రం బండికి వెనక్కి వెళ్లిపోవాలి. పీడీఎఫ్‌ని బ్రౌజర్‌లో తెరిచి తెరకు ఎడమ పక్కన పెట్టాను, కుడి పక్కన రీపర్. కూర్చోబోయే ముందు మౌస్‌తో పీడీఎఫ్‌ని చరణం దాకా జరిపి చూసుకుని, మళ్లీ పైకి తెచ్చి, వచ్చి చాప మీద కూర్చున్నాను.

రికార్డ్ కీ నొక్కాను. తెర ఒక్కసారి మెరిసింది. ఆరడుగుల దూరంలోంచి, కళ్లద్దాలు లేకుండా, రీపర్ వైపు ఎర్రగా కనిపించింది. మేము వాయిస్తుంటే పచ్చ గీతలు లేచి పడుతున్నాయి. ఇంకేం కావాలి? 22 నిమిషాలు వాయించాం. వర్ణం మొదటి సగాన్ని ముగించే ముక్తాయి స్వరం నుంచి చరణానికి దిగేటప్పుడు వాడు వేసిన ముక్తాయింపుకు నాకే ‘భలే’ అనాలనిపించింది, మైకు ఉందని నోరు మూసుకున్నాను.

“రికార్డైందిగా బాబాయ్?”

“అయిందిరా.”

వాడు మృదంగం ఎడమ మూతికి నాదం కోసం పెట్టిన రవ్వ ముద్ద గోటితో గీకేసి, కాగితంలో చుట్టేసి, మృదంగానికి గలీబు తొడిగాడు. నేను లేచి బల్ల దగ్గరికి వెళ్లాను. రీపర్‌లో ఏమీ లేదు. ఖాళీ ట్రాకులు. గడియారం అంకె సున్నా దగ్గరే ఉంది.

జరిగింది ఇది. ప్యాడ్ రికార్డ్ కీకి నేను పెట్టుకున్నది రీపర్‌లో మొదటి నుంచీ ఉండే కంట్రోల్ ఆర్. చివరగా మౌస్ తాకింది బ్రౌజర్‌ని. బ్రౌజర్‌లో కంట్రోల్ ఆర్ అంటే పేజీని మళ్లీ తెరవమని. అది బుద్ధిగా తెరిచింది, అదే ఆ మెరుపు. ఎర్రగా కనిపించింది ట్రాక్ సిద్ధంగా ఉందని చెప్పే బటన్. రికార్డు అవుతున్నా, కాకపోయినా అది ఎర్రగానే ఉంటుంది. పచ్చ గీతలు మైకులోకి శబ్దం వస్తోందని చెప్తాయి. ఎక్కడైనా నిలవ ఉంటోందని చెప్పవు.

మా ఆవిడ రెండో విడత రవ్వ తడిపి ఇస్తూ ఏమీ అనలేదు, అది ఇంకా కష్టంగా ఉంది. మళ్లీ వాయించాం. ట్రాక్ పంపాం, టీచరుగారు బాగుందన్నారు. నాకు తెలుసు, మొదటిదే బాగుంది. వాడు ఆ సాయంత్రం బండి తప్పి రాత్రి బస్సులో వెళ్లాడు.

ఇందులో ప్యాడ్ తప్పు లేదని ఇప్పుడు అర్థమవుతోంది. అది ఎంత ముచ్చటగా ఉన్నా కీబోర్డే. ఎన్ని కీబోర్డులు తగిలించినా కంప్యూటర్ లెక్కలో మామూలుగా అన్నీ ఒకటే, ఏ విండో ముందుంటే కీ దానికే పోతుంది. కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ కలిపి ఎవరూ వాడని కలయిక పెట్టుకుని ఉంటే పేజీ మెరిసేది కాదు, నాకు కనీసం అనుమానం వచ్చేది. రికార్డు మాత్రం అప్పుడూ అయ్యేది కాదు. షార్ట్‌కట్ల కోసం ఏదైనా కొనబోయేవాళ్లు కీలు ఎన్ని, లైట్లు ఎన్ని అని చూస్తారు. నేనూ అవే చూశాను. అది పంపేది కీబోర్డు కీలా, ఇంకేదన్నానా అని ఒక్కసారి కూడా అడగలేదు.

దారి మా ఇంట్లోనే ఉంది. శిష్యుడొకడు అమెరికా వెళ్తూ వదిలేసిన చిన్న మిడి కీబోర్డు అటక మీద పడి ఉంది. మిడి అంటే వాద్యాలూ కంప్యూటరూ మాట్లాడుకునే పద్ధతి, టైపు చేసే కీలతో దానికి సంబంధం లేదు. పాతిక మెట్లు, పక్కన ఎనిమిది రబ్బరు ప్యాడ్లు. దులిపి తగిలించాను. రీపర్ సెట్టింగుల్లో మిడి పరికరాల జాబితాలో దాన్ని కంట్రోల్ సందేశాలకు కూడా వాడుకోమని టిక్ పెట్టాలి. తర్వాత ప్రశ్న గుర్తు నొక్కితే యాక్షన్ల జాబితా వస్తుంది. అందులో రికార్డ్‌ని ఎంచుకుని, షార్ట్‌కట్ అడిగినప్పుడు కీ నొక్కే బదులు రబ్బరు ప్యాడ్ మీద ఒకటి తట్టాలి. అంతే. ఇప్పుడు ముందు బ్రౌజర్ ఉన్నా, సాహిత్యం ఫైలున్నా, ప్లగిన్ కిటికీ ఉన్నా రికార్డ్ అంటే రికార్డే. మిడి తట్టు నేరుగా రీపర్‌కే వెళ్తుంది. ఒక్క జాగ్రత్త ఉంది. ఏదైనా మిడి ట్రాక్ కూడా సిద్ధంగా పెట్టి ఉంటే ఈ తట్లు అందులోకి స్వరాలుగా ఎక్కుతాయి. నాకున్నవి మైకు ట్రాకులే కాబట్టి ఆ గొడవ లేదు.

ఇంకో లాభం నేను అనుకోనిది. రబ్బరుకు చప్పుడు లేదు. మ్యాక్రో ప్యాడ్ కీలు టక్‌టక్‌మంటాయి. నాకు ప్రాణం లేచొచ్చిందన్నానే, ఆ మార్కర్ కీ ఉన్న పాత ఫైళ్లలో ప్రతి జెండా దగ్గరా చిన్న టక్ ఉంది. అపస్వరం ఎలాగూ కోసేస్తాం కాబట్టి చాలాసార్లు అదీ పోయింది. నిడివిగా సాగే ఆలాపనలో మాత్రం వినిపిస్తుంది, ఇన్నాళ్లూ నా చెవి దాన్ని చాప చప్పుడనుకుంది.

మ్యాక్రో ప్యాడ్‌ని పారేయలేదు. ఇప్పుడది బల్ల మీద ఉంది. కోతలు, అతుకులు చేసేటప్పుడు రీపర్ ఎదురుగానే ఉంటుంది కాబట్టి అక్కడ హాయిగా పనిచేస్తుంది. రెండు నాబ్‌లలో ఎడమది ఏడాది దాటాక పిచ్చిగా తయారైంది, ముందుకు తిప్పితే రెండడుగులు ముందుకీ ఒకడుగు వెనక్కీ వెళ్తోంది. కాంటాక్ట్ క్లీనర్ కొడితే నెల రోజులు బాగుండి మళ్లీ మొదలు. రోజిన్ పొడి దూరిందేమోనని నా అనుమానం, కాబట్టి ఆ నేరం దాని మీద పూర్తిగా వేయలేను.

కొన్న ఇద్దరు శిష్యులకూ ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఒకడు ‘నేను కుర్చీలో కూర్చుని పాడతాను మాస్టారూ, తెర నా ముక్కు ముందే ఉంటుంది’ అన్నాడు. వాడికి అది సరిపోతుంది. అలాంటివాళ్లకు నిజానికి 500 రూపాయల నంబర్ ప్యాడే చాలేమో, చుక్క కీ జోలికి వెళ్లకపోతే. నాలా దూరంగా కూర్చుని, చేతులు ఖాళీ లేక, పక్కన సాహిత్యం తెరుచుకుని వాయించేవాళ్లయితే మిడి పంపేదే చూడండి, పాతదైనా పర్లేదు. నేనిప్పటికీ రికార్డ్ తట్టాక గడియారంలో సెకన్లు కదులుతున్నాయో లేదో కళ్లద్దాలు పెట్టుకుని చూసి, అప్పుడే కమాను ఎత్తుతున్నాను.