మెడికల్ సీటుకి ఏడాది డిఫరల్: వాడి చూశాక నా రివ్యూ

ఫోన్లకీ బూట్లకీ రివ్యూలు బోలెడు దొరుకుతాయి. మెడికల్ కాలేజీ ఇచ్చే డిఫరల్, అంటే వచ్చిన సీటుని పోకుండా ఏడాది తర్వాతకి వాయిదా వేసుకోవడం, ఎలా పనిచేస్తుందో రాసినవాళ్లు మాత్రం, నేను వెతికిన రోజుల్లో, ఒక్కరూ కనబడలేదు. ఏడాది పాటు దాన్ని వాడాను కాబట్టి రాస్తున్నా. అయిదింటికి మూడున్నర స్టార్లు ఇస్తాను. మిగతా ఒకటిన్నర ఎందుకు కోశానో కింద చెబుతాను.

నేను రోయింగ్ చేస్తాను. లైట్‌వెయిట్ డబుల్ స్కల్స్, అంటే ఇద్దరు కూర్చుని చెరో రెండు తెడ్లు వేసే పడవ. ఆడవాళ్లలో ఏ ఒక్కరూ 59 కిలోలు దాటకూడదు, ఇద్దరి సగటు 57 దాటకూడదు. రేసుకి రెండు గంటల ముందు మొదలుపెట్టి గంట ముందు లోపల కాటా ఎక్కి చూపించాలి. 1996 అట్లాంటాలో ఒలింపిక్స్‌లోకి వచ్చిన ఈ విభాగాన్ని 2024 పారిస్‌తో ఆపేశారు. 2028లో లాస్ ఏంజెలెస్‌లో బీచ్ స్ప్రింట్స్ పెడుతున్నారు, అంటే ఒడ్డున పరుగెత్తి సముద్రంలో పడవ వేసే పోటీ. అది వేరే పడవ, వేరే ఒళ్లు కావాలి.

నాకు సీటు 2023లో వచ్చింది. కాలేజీ 2024లోనూ ఉంటుంది, నా పడవ మాత్రం ఆ తర్వాత ఉండదు. నా లెక్క అంతే. అమ్మ ఒకే ఒక్క మాట అడిగింది: "వదిలేస్తున్నావా, పక్కన పెడుతున్నావా? ముందది చెప్పు." పక్కనే పెడుతున్నానని కాగితం మీద చూపించగలగడమే డిఫరల్‌లో మనం కొనుక్కునేది.

అప్లికేషన్ కష్టమేమీ కాదు. కారణం రాయడానికి చిన్న డబ్బా ఇచ్చారు. ఆటంటే నాకు ప్రాణం లాంటివి రాస్తే ఆ డబ్బా నిండుతుందే తప్ప పనవదు. నేను ట్రయల్స్ (జట్టుని ఎంపిక చేసే పోటీలు) తేదీలు, పారిస్‌లో రేసుల తేదీలు, జట్టు క్యాంపులో ఉన్నానని ఫెడరేషన్ ఇచ్చిన లెటరు, అంతే పెట్టాను. మూడు వారాల లోపే జవాబు వచ్చింది. ఒకే పేజీ. సీటు ఉంటుంది, 2024 ఆగస్టులో చేరాలి, ఈలోగా ఇంకే మెడికల్ కాలేజీకీ అప్లై చేయకూడదు, డిపాజిట్ వెనక్కి రాదు, మార్చిలో మళ్లీ రాతపూర్వకంగా ఖాయం చేయాలి. డొంకతిరుగుడు ఒక్క వాక్యం కూడా లేదు. దాన్ని ఎర్గ్ ముందు గోడకి అంటించాను. ఎర్గ్ అంటే ఇండోర్ రోయింగ్ మిషన్. రెండు వేల మీటర్ల టెస్టులో చివరి 500 మీటర్లకి వచ్చేసరికి స్క్రీన్ మీద అంకెలు మసకబారుతాయి. వాటి పైన ఆ తేదీ మాత్రం కనబడేది. ఓడినా వెళ్లడానికి ఒక చోటుందని తెలిస్తే తెడ్డు గట్టిగా పడుతుందా, మెత్తగా పడుతుందా అని కోచ్‌కీ నాకూ పెద్ద వాదన. నాకు గట్టిగానే పడింది.

చేరాక మధ్యలో ఆపితే అది డిఫరల్ కాదు, లీవ్. అమెరికా రోవర్ గెవీ స్టోన్ ఆ దారిలోనే వెళ్లింది. టఫ్ట్స్‌లో మెడిసిన్ మధ్యలో ఆపి 2012 లండన్‌లో ఆడింది, 2014లో డిగ్రీ పూర్తి చేసింది, 2016 రియోలో సింగిల్ స్కల్స్‌లో రజతం గెలిచింది. నాకంత ధైర్యం లేదు. చదివింది మర్చిపోవడం కంటే అసలు మొదలుపెట్టకపోవడమే నయమనిపించింది.

ఇక కోతలు.

మొదటిది అర స్టారు. మార్చిలో ఖాయం చేయాల్సిన గడువు సరిగ్గా ట్రయల్స్ వారంలో పడింది. గుర్తుచేస్తూ మెయిల్ వస్తుందేమో అని చూస్తూ కూర్చున్నాను. రాలేదు. టెన్షన్ పట్టలేక రెండు రోజుల ముందు ఫోన్ చేశాను.

"మీకు రెండు మెయిళ్లు పంపామండీ."

"ఏ అడ్రసుకి?"

"కాలేజీ అడ్రసుకి."

"ఇంకా చేరలేదని దాన్ని మీరే ఆపేశారు కదండీ?"

అవతల కాసేపు కీబోర్డు చప్పుడు తప్ప మాటలేదు. పాపం ఆవిడ తప్పేమీ లేదు, అప్పటికప్పుడు ఫారం పంపి పని పూర్తి చేసింది. కానీ డోపింగ్ పరీక్షల జాబితాలో ఉన్నదాన్ని నేను. పొద్దున 5 నుంచి రాత్రి 11 లోపు ఏ గంటలో ఎక్కడ దొరుకుతానో ప్రతి రోజుకీ ముందే రాసివ్వాలి. 12 నెలల్లో మూడుసార్లు తప్పితే డోపింగ్ కేసు కిందే లెక్క. నేను ఏ పూట ఏ గుమ్మం లోపల ఉంటానో ఆ డోపింగ్ వాళ్లకి తెలుసు. నా సీటు దాచిపెట్టిన కాలేజీకి నా మెయిల్ అడ్రసు తెలియలేదు.

రెండోది పూర్తి స్టారు. సీటుతో పాటు వచ్చిన స్కాలర్‌షిప్ డిఫరల్‌తో పాటు రాలేదు. ఆ ఒకే పేజీలో దాని ఊసే లేదు, నేనూ అడగలేదు. మళ్లీ మొదటి నుంచీ అప్లై చేస్తే తక్కువ వచ్చింది. సీటు ఆగుతుంది, డబ్బు ఆగదు. ఎవరైనా డిఫరల్ తీసుకుంటుంటే సంతకం పెట్టే ముందే ఈ ముక్క రాయించుకోండి. మెయిల్ ఖాతా సంగతీ అప్పుడే తేల్చుకోండి. టీకాల కాగితాలు, టీబీ పరీక్ష మళ్లీ చేయించుకోవడం చిన్న పని, దానికి మార్కులు కోయలేదు.

ట్రయల్స్‌లో మూడో స్థానం వచ్చింది. పడవలో సీట్లు రెండే.

డిఫరల్‌ని ముందుగా వెనక్కి ఇచ్చేయడానికి కౌంటరు లేదు. నాతో చేరాల్సిన బ్యాచ్ అప్పటికి మొదటి ఏడాది చివర్లో ఉంది. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా నేను అథ్లెట్‌నీ కాదు, స్టూడెంట్‌నీ కాదు. క్లబ్‌లో చిన్నపిల్లలకి తెడ్డు పట్టుకోవడం నేర్పాను, బాగా నిద్రపోయాను. దీనికి కాలేజీని అనడానికేమీ లేదు. అయినా వాడబోయేవాళ్లు తెలుసుకోవాలి: ఆట ఎప్పుడు ముగిసినా డిఫరల్ మాత్రం దాని తేదీకే ముగుస్తుంది.

ఆగస్టు 2న ఫైనల్ చూశాను. బ్రిటన్ తరఫున ఎమిలీ క్రెయిగ్, ఇమోజెన్ గ్రాంట్ గెలిచారు. టోక్యోలో ఈ ఇద్దరే 0.01 సెకను తేడాతో పతకం పోగొట్టుకున్నారు. గ్రాంట్ కేంబ్రిడ్జ్‌లో మెడిసిన్ చదివిన మనిషి, స్వర్ణం గెలిచిన కొన్ని రోజులకే ఆసుపత్రిలో డాక్టరుగా పనిలో చేరింది. అదే నెలలో నేనూ తెల్లకోటు వేసుకున్నాను. కాస్త అసూయపడ్డాను, దాచడం ఎందుకు.

డిసెక్షన్ హాల్లో ముంజేయి తెరిచిన రోజు, మణికట్టుకి కాస్త పైన బొటనవేలివి రెండు కండరాలు మణికట్టువి రెండింటి మీదుగా అడ్డంగా దాటడం చూపించారు. రోవర్లకి సరిగ్గా అక్కడే రాపిడై వాస్తుంది. నాకు ఫిబ్రవరి అంతా నొప్పి పెట్టింది కూడా అక్కడే. గ్లోవ్ మీద నుంచే నా చేతిని నొక్కి చూసుకున్నాను. పక్కనున్న అమ్మాయి "ఏమైంది?" అంది. ఏం లేదన్నాను.